పెంకు సందులోంచి దిగిన గ్రహణం

గ్రహణం రోజున రోకలి తనంతట తానే నిలబడుతుందని మా కామారెడ్డిలో అందరికీ తెలుసు. ఇత్తడి తాంబాళంలో నీళ్ళు పోసి నడుమ రోకలిని నిలబెడితే, గ్రహణం పట్టినంతసేపూ నిలిచి ఉంటుందని, విడవగానే పడిపోతుందని అంటారు. నేను మాత్రం ఆ రోకలిని గ్రహణానికి నాలుగు రోజుల ముందే నిలబెట్టాను. పట్టపగలు, సూర్యుడు నిండుగా వెలుగుతుండగా. రెండుసార్లు పడింది, మూడోసారి నిలబడింది. కాన్పుకని పుట్టింటికి వచ్చిన మా అక్క అది చూసి నోరు వెళ్ళబెట్టింది. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుందని నాకు చెప్పింది మా ఇంట్లో అద్దెకున్న పంతులు. ఆయన ఏం చెప్పినా నాకు వేదమే. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అని మా అవ్వ (అమ్మను మేం అలాగే పిలిచేవాళ్ళం) ఊరికే అంటుండేది. ఆ సామెత నాకు ఆ ఏడాదే అర్థమైంది.

నాకప్పుడు పదమూడేళ్ళు. పంతొమ్మిది వందల నలభైల మొదలు, ఎక్కడో దూరాన యుద్ధం జరుగుతున్న రోజులు. మా బాపు కామారెడ్డి స్టేషన్లో రైలు పట్టాల పాయింట్లు మార్చే కొలువు చేసేవాడు. స్టేషన్‌కు కూతవేటు దూరంలో మా గూనపెంకుల ఇల్లు. వెనక భాగంలో మేము, ముందు రెండు గదుల్లో పంతులూ ఆయన భార్యా, మధ్యలో ఉమ్మడి వాకిలి. పంతులు సర్కారు బడిలో పగలంతా ఉర్దూలో పాఠాలు చెప్పి, సాయంత్రం మా అరుగు మీద నాకు తెలుగులో అవే పాఠాలు చెప్పేవాడు. ఆడపిల్లకు బడి ఏందని మా అవ్వ నన్ను పంపలేదు. ఇంట్లోనే నేర్పిస్తానని ఆయనే అన్నాడు. నాకు సంబంధాలు చూడటం అప్పటికే మొదలైంది, చదువు ఎన్నాళ్ళు సాగుతుందో ఎవరికీ తెలియదు. అందుకేనేమో, ఆకలిగొన్నదానిలా నేర్చుకున్నాను.

అక్కను ఇచ్చింది ఎల్లారెడ్డిలో. వరి పండించుకునే ఇల్లు, కష్టపడే మనుషులు. తొలి కాన్పు గనుక బాపు వెళ్ళి తీసుకొచ్చాడు. పంతులు భార్య కూడా అప్పుడు కడుపుతోనే ఉంది. ఆమెకు తల్లీతండ్రీ లేరు, కాన్పు మా వాకిట్లోనే కావాలి. ఇద్దరికీ నెల తేడా. మధ్యాహ్నం పూట రోటి పక్కన కూర్చుని చింతకాయ ఉప్పులో అద్దుకుని తింటూ నవ్వుకునేవారు. మా అవ్వ వండిన కూర ఏదైనా ముందు ఒక గిన్నెడు వాళ్ళింటికి వెళ్ళేది.

భాద్రపద అమావాస్య నాడు పొద్దున గ్రహణం ఉందని పంచాంగం చెప్పే అయ్యగారు ఇల్లిల్లూ తిరిగి చెప్పిపోయాడు. అది పెత్రమాస. పెద్దలకు బియ్యం ఇచ్చే రోజు, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ఇన్ని పనుల మధ్య గ్రహణం ఏమిటని మా అవ్వ గొణుక్కుంది. నేను పంతులు దగ్గరికి పరుగెత్తాను.

ఆ సాయంత్రం పాఠం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆయన లాంతరు తెచ్చి ఎత్తుపీట మీద పెట్టాడు. పెరట్లోంచి ఒక జామకాయ కోసుకొచ్చాడు.

"లాంతరు సూర్యుడు. జామకాయ చంద్రుడు. నీ తలకాయ భూమి," అన్నాడు నాతో. "ఇప్పుడు చూడు."

జామకాయను నా ముఖానికీ లాంతరుకూ మధ్యకు తెచ్చాడు. దీపం పూర్తిగా మాయమైంది.

"ఏం కనపడ్తలేదు," అన్నాను.

అక్క పక్కన స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. "నీకమ్మా?" అని అడిగాడు.

"నాకు కనపడ్తున్నది. ఒక పక్క కొరికినట్టున్నది."

వంటింటి గడప మీద కూర్చున్న మా అవ్వను కూడా అడిగాడు. "నాకు మంచిగనే కనపడ్తున్నది. ముందుగాల అది ఆర్పుండ్రి, గాసునూనె ఉత్తగనే కాలుతున్నది," అంది అవ్వ.

పంతులు పగలబడి నవ్వాడు. "గదే సంగతి. ఒక్కటే జామకాయ, ముగ్గురికి మూడు తీర్లు. చంద్రుడు అడ్డమొస్తె నడిమి నీడ ఎక్కడనో ఉత్తరాన దూరదేశాల మీద పడుతది. ఆడ ఉన్నోళ్ళకు పట్టపగలే చీకటైతది. మనం నీడ అంచు మీద ఉంటం. మనకు సూర్యుడు ఒక ముక్కనే పోతడు. ఇంకింత దూరమున్నోళ్ళకు ఏమీ తెల్వనే తెల్వదు."

"మరి ప్రతి అమావాస్యకు చంద్రుడు అటే పోతడు గద. ప్రతిసారి ఎందుకు పట్టది?" అని అడిగాను. ఆ ప్రశ్నకు ఆయన ముఖం వెలిగిపోయింది. భార్య చేతి గాజులు రెండు తీయించి, ఒకదాన్ని అడ్డంగా పట్టుకుని రెండోదాన్ని అందులో కొంచెం వాలుగా దూర్చాడు.

"ఇది సూర్యుడు పోయే తొవ్వ, ఇది చంద్రుని తొవ్వ. రెండు వాలుగున్నయి. తాకేది రెండే జాగల. ఆ జాగలకే రాహువు, కేతువు అని పేరు పెట్టిన్రు. పాములు గావు, జాగలు. అమావాస్య ఆ జాగ కాడ వస్తెనే గ్రహణం. లేకుంటే చంద్రుడు మీదికెళ్ళో కిందికెళ్ళో తప్పుకొని పోతడు. ఎవడు మింగుడు లేదు, ఎవడు కక్కుడు లేదు."

సూర్యుడివైపు మాత్రం చూడొద్దని, చూస్తే కళ్ళు పోతాయని గట్టిగా చెప్పాడు. చూడకుండానే చూసే ఉపాయం కూడా చెప్పాడు. చీకటి గదిలోకి పెంకుల సందులోంచి వెలుతురు దిగితే నేల మీద గుండ్రటి మచ్చ పడుతుంది కదా, ఆ గుండ్రం సందుది కాదు, సూర్యుడిది. సందు ఏ ఆకారంలో ఉన్నా అది చిన్నదైతే చాలు, నేల మీద పడేది సూర్యుడి బొమ్మే. గ్రహణం నాడు ఆ బొమ్మ కూడా కొరికినట్టు పడుతుంది. పుట్టినప్పటినుంచీ ఆ మచ్చల మీద ఆడుకున్నదాన్ని, అవి సూర్యుళ్ళని నాకు ఎవరూ చెప్పలేదు.

అప్పుడే నేను అడగాల్సింది అడిగాను. "పంతులూ, మా అక్కకు గిట్ల ఏమన్న అయితదా?"

"నీడ పడితే ఏమైతది పిల్లా? చెట్టు నీడ పడితే ఏమన్న అయితదా?"

అక్క విన్నది. స్తంభం పక్కనుంచి ఆమె ఆయన్నే చూస్తూ ఉంది. అప్పటినుంచీ ఆమెకు ఒకటే కోరిక. "నాకు సూపియ్యవే గా సూర్యుని. ఒక్కపారి," అని నా వెంట పడింది. నాలుగు రోజుల ముందు రోకలి నిలబెట్టింది కూడా ఆమె భయం పోవడానికే.

గ్రహణానికి ముందు రోజు సాయంత్రం పంతులు నిచ్చెన వేసుకుని తన గదుల మీది పెంకులు సర్దాడు. నిచ్చెన పట్టుకుంది నేనే. పగిలిన పెంకులు తీసి కొత్తవి అందించింది నేనే. కోతులు కదిలించిన ప్రతి పెంకునూ సరిచేసి, సందుల్లో తడి మట్టి కూడా కుక్కాడు.

"వానకు ఇల్లు కురుస్తున్నది," అన్నాడు, నేను అడగకుండానే.

మా నడింటి మీద కూడా ఒక సందు ఉంది. అది మూయొద్దని, నాకు సూర్యుడు కావాలని అన్నాను. ఆయన పైనుంచి నవ్వి, "నీ సూర్యుని నీకే ఉంచుత తియ్యి," అన్నాడు. నడింట్లోనే మర్నాడు అక్కను పడుకోబెడతారని ఆయనకు తెలుసు. రెండు రోజులుగా మా అవ్వ కిటికీకి గోనెసంచులు కుట్టడం ఆయన చూస్తూనే ఉన్నాడు.

పెత్రమాస పొద్దున మా అవ్వ పట్టుస్నానం చేసి, పచ్చడి జాడీ మీద, పాలచట్టి మీద, నీళ్ళకుండ మీద గరిక పోచలు వేసింది. బతుకమ్మకని తెచ్చిన తంగేడు, గునుగు పూలు తడిబట్టలో చుట్టి పక్కన పెట్టింది. బాపు డ్యూటీకి వెళ్ళాడు. గ్రహణమని బండి ఆగుతుందా అని వెళ్తూ వెళ్తూ అన్నాడు. నిజంగానే ఆ పొద్దుటి బండి ఠంచనుగా కూత వేసుకుంటూ పోయింది. అక్కను నడింట్లో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు ముడవొద్దని, గోక్కోవద్దని, దేన్నీ తుంచొద్దని వందసార్లు చెప్పి తలుపు వేశారు. వాకిట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు రోకలి చుట్టూ మూగారు. అది నిలబడగానే అందరూ దండాలు పెట్టారు. నాకు నవ్వు ఆగలేదు. మా అవ్వ కూడా అటు తిరిగి దండం పెడుతున్నప్పుడు నేను నడింట్లోకి జారుకుని తలుపు మూశాను.

లోపల చిమ్మచీకటి. గోనెసంచులు అంత బాగా పని చేశాయి. ఆ చీకట్లో పైనుంచి వాలుగా ఒక సన్నటి వెలుతురు దిగి, నేల మీద రూపాయి బిళ్ళంత మచ్చ పడింది. అది గుండ్రంగా లేదు. ఒక పక్క శుభ్రంగా కొరికి ఉంది. వాకిట్లో అంత ఎండలో ఎవరికీ ఏ తేడా తెలియడం లేదు. గది చీకటి చేసి అక్కకు కనబడకుండా దాచాలనుకున్న గ్రహణం, ఊరంతటిలో ఆ గదిలోనే అంత బాగా కనబడింది.

"ఏందే అది?" అంది అక్క.

"సూర్యుడు."

"అగో, కొరికిన అప్ప లెక్క ఉన్నది!"

చెయ్యి చాపింది. అరచేతిలో సూర్యుడు కూర్చున్నాడు. మూసి తెరిచింది, మళ్ళీ కూర్చున్నాడు. వంగలేక ఆయాసపడుతోంటే, "ఇటు జరుగు," అని చాప పట్టుకుని నేనే లాగాను. మచ్చ ఆమె కడుపు మీదికి వచ్చింది. వెలిసి తెల్లబడిన పాతచీర ముడతలు సాపు చేశాను, బొమ్మ స్పష్టంగా పడాలని. లోపల బిడ్డ కదిలినట్టున్నాడు, ఆ కొరికిన సూర్యుడు కొంచెం పైకి లేచి దిగాడు. ఇద్దరం నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వాం. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న క్షణాలు ఏవని అడిగితే, సిగ్గు లేకుండా ఇప్పటికీ అదే చెబుతాను.

తలుపు తెరుచుకుంది. మా అవ్వ అరవలేదు, నన్ను కొట్టలేదు. వచ్చి అక్క మీదికి వంగి, ఆ వెలుతురుకు తన వీపు అడ్డం పెట్టింది. బయట రోకలి పడిందని ఎవరో కేక వేసేదాకా అలాగే వంగి నిలబడింది.

విడుపుస్నానం చేసి తడిజుట్టుతో పంతులు దగ్గరికి పరుగెత్తాను. నేను చూసింది ఆయనకు చెప్పకపోతే ఆ చూసినదానికి విలువేముంది? గ్రహణం పట్టిన సమయంలో ఒకసారి వెళ్ళి తలుపు తట్టాను గానీ, లోపలినుంచి "తర్వాత రా" అన్నాడు. ఇప్పుడు తలుపు తీశాడు. అక్క అరచేతి సంగతి, కడుపు సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన ముఖంలో సంతోషం కోసం చూశాను. కనబడలేదు.

"ఎవలన్న సూసిన్రా?"

"అవ్వ సూసింది."

"ఇగ ఎవ్వలకు చెప్పకు. నా పేరు అసలే తియ్యకు."

ఇద్దరి మధ్యా ఉన్న గొప్ప రహస్యం అనుకుని మురిసిపోయాను. అంత వెర్రిదాన్ని.

దీపావళి పోయిన వారానికి అక్కకు మగపిల్లాడు పుట్టాడు. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. మంత్రసాని దీపం దగ్గరికి పెట్టి చూసి, "గ్రహణం మొర్రి," అంది. మా అవ్వ నావైపు చూసింది. ఆ చూపుకన్నా నాలుగు దెబ్బలు కొట్టి ఉంటే బాగుండేది.

చాలా ఏళ్ళ తర్వాత, ఆ పెదవి కుట్టించడానికి హైదరాబాదు తీసుకెళ్ళినప్పుడు ఒక డాక్టరమ్మ నాకు చెప్పింది. బిడ్డ పెదవి కలిసేది తల్లికి రెండో నెల, మూడో నెల నడుమనట. వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాను. ఉగాది నాటికే ఆ పెదవి అలా ఉండిపోయింది, అక్క కడుపుతో ఉన్న సంగతి మాకింకా సరిగ్గా తెలియకముందే. ఆ రోజుల్లో మా ఊరి సూర్యుడికి ఏ గ్రహణమూ పట్టలేదు. కానీ నాకు ఆ మాట అవసరమైన రోజున చెప్పేవాళ్ళు లేరు.

బాబుకు రొమ్ము పట్టడం రాలేదు. తాగిన పాలు ముక్కులోంచి వచ్చేవి. అక్క పాలు పిండి ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కా పోసేది. ఒక్కో పూట గంటసేపు పట్టేది. "కండ్లు సూడు, ఎంత మంచిగున్నయో," అనేది, చూడవచ్చినవాళ్ళు పెదవి గురించి ఏదీ అనకముందే. ఇరవైయొక్క రోజుల పురుడుకు ఎల్లారెడ్డి నుంచి ఎవరూ రాలేదు. మంత్రసాని నోట వెళ్ళిన మాట ఎల్లారెడ్డి దాకా పాకింది. గ్రహణం నాడు మీ పిల్ల ఏం చేసిందో తేల్చి చెప్పాలని, తప్పు ఆమెదైతే మా పిల్లవాడికి వేరే పిల్లను చూసుకుంటామని కబురొచ్చింది.

ఆ రాత్రి బాపు అన్నం ముందు కూర్చుని తినకుండా లేచాడు. మర్నాడు పంతులును అడిగాడు. "మీరు చదువుకున్నోళ్ళు. నీడతోని ఏం కాదని మీరొచ్చి ఒక మాట చెప్తె వాళ్ళు వింటరు."

"తప్పకుండ వస్త. నేను సమఝాయిస్త," అన్నాడు పంతులు. అప్పటికి ఆయన భార్యకు కాన్పయి వారం దాటింది. ఆడపిల్ల, పనసతొనలా ఉంది.

నాకు మళ్ళీ ప్రాణం లేచివచ్చింది. నన్ను కూడా తీసుకెళ్ళమని ఏడ్చి ఒప్పించాను. గుడ్డసంచిలో ఒక జామకాయ, రెండు గాజులు పెట్టుకున్నాను. ఎల్లారెడ్డివాళ్ళింట్లో లాంతరు ఉండకపోదు. పంతులు అవి తిప్పి చూపించగానే అక్క అత్తామామలు "ఓస్, గింతేనా" అంటారని బస్సులో కూర్చున్నంతసేపూ ఊహించుకున్నాను. యుద్ధం మూలాన బస్సులు తక్కువ, మనుషులు ఎక్కువ. బాబును పొత్తిళ్ళలో చుట్టుకుని అక్క కిటికీ పక్కన కూర్చుంది. ఎల్లారెడ్డి దగ్గర పడేకొద్దీ రోడ్డుకు రెండు వైపులా వరికోతలు. అక్క ఆ కోతల్నే చూస్తోంది.

అక్క అత్తగారింట్లో నలుగురు పెద్దమనుషులు అప్పటికే వచ్చి మంచాల మీద కూర్చుని ఉన్నారు. మా బావ స్తంభం దగ్గర కూర్చుని పగ్గం పేనుతున్నాడు. అత్త బాబును చూడటానికి దగ్గరికొచ్చింది, చెంప ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె రాక్షసి కాదు. కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను.

మామ పంతులుకు నమస్కారం పెట్టి పీట వేయించాడు. "మీరు చదువుకున్నోళ్ళు, చెప్పుండ్రి. కడుపుతోని ఉన్న మనిషి మీద గ్రహణం పడితే దోషమా, కాదా?"

నేను సంచి ముడి విప్పాను. పంతులు నావైపు చూడకుండానే చేత్తో వద్దని సైగ చేశాడు.

"గ్రహణమంటె నీడనే అని కితాబుల రాసి ఉంటది," అన్నాడు. "బడిల పిల్లలకు నేను గదే చెప్త. కాని కితాబు వేరు, ఇల్లు వేరు. పెద్దలు పెట్టిన నియమం ఊకెనే పెట్టలే. నేనైతె మా ఇంట్ల నియమం తప్పలే. ముందుదినమే నేను సొంతంగ ఇల్లెక్కి పెంకలు సర్దిన, ఒక్క సందు లేకుంట మట్టి పెట్టిన. మా ఆమెను లోపల పెట్టి నేను గడప కాడ కూసున్న."

"మీ బిడ్డ మంచిగున్నదా?" అని అడిగాడు ఒక పెద్దమనిషి.

"మీ దయవల్ల మంచిగున్నది."

ఆ మాటతో అయిపోయింది. జామకాయా గాజులూ ఎవరికీ అక్కర్లేకపోయాయి. నిచ్చెన పట్టుకున్న నా చేతులు నాకే అసహ్యమనిపించాయి. వాన కోసం అన్నాడు! నాకేమో చెట్టు నీడ, ఆయన భార్యకేమో తడిమట్టి. చెప్పేటందుకే నీతులని లోకం ఊరికే అనలేదు. మా ఇంటి కూర తిన్న నోరు, మా అక్క ముందు, పొత్తిళ్ళలో ఉన్న ఆ పిల్లాడి ముందు అంత నిబ్బరంగా ఎలా తిరగబడిందో ఇన్నేళ్ళు ఆలోచించినా నాకు మింగుడుపడదు. తెలియనివాడు తప్పు చెబితే క్షమించవచ్చు. ఆయనకు తెలుసు.

"మరి గీ పిల్లకు గ్రహణం ఎవలు సూపిచ్చిన్రు?" అన్నాడు మామ.

'నేనే' అని రెండక్షరాలు అనాలి. అనబోయాను కూడా. నా గొంతులో అది ఉండగానే అక్క తల వంచుకుని మాట్లాడింది.

"ఎవ్వలు సూపియ్యలే. నాకే సూడ బుద్ధయింది. నేనే జరిగి కడుపు మీద పెట్టుకున్న. మా అవ్వోళ్ళ తప్పేం లేదు."

బాపు పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు. పెద్దమనుషులు కాసేపు లోగొంతులో మాట్లాడుకున్నారు. ఒప్పుకున్నది గనుక కోడల్ని వదిలెయ్యొద్దన్నారు. ఆమె ఇక్కడే ఉంటుంది. పిల్లవాడిని మాత్రం మేము తీసుకుపోవాలి. ఇంకో కాన్పు మంచిగా అయ్యేదాకా ఈ బిడ్డ నీడ ఆమె మీద పడకూడదు. అక్క మా బావవైపు చూసింది. బావ పగ్గంలోంచి కళ్ళెత్తలేదు.

అక్క ఏడవలేదు. నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళి ఉగ్గుగిన్నె చేతిలో పెట్టింది. "నడిమికి పొయ్యకు, ముక్కులకెళ్ళి వస్తయి. గీ దౌడ పక్కకు వంచి పొయ్యి. మింగినంకనే ఇంకో చుక్క. తల కొంచెం ఎత్తి పట్టుకో," అని రెండుసార్లు చూపించింది. నా చేత ఒకసారి చేయించింది. తర్వాత బాబును నా ఒళ్ళో పెట్టి, లోపలికి వెళ్ళి, మేము బస్సు ఎక్కేదాకా బయటికి రాలేదు.

తిరుగు బస్సులో పంతులు మా ముందు సీట్లో కూర్చున్నాడు. ఎల్లారెడ్డి కనుమరుగయ్యాక వెనక్కి తిరిగాడు.

"మనసుల పెట్టుకోకు పిల్లా. నేను నీకు చెప్పింది తప్పు గాదు. గ్రహణం నీడనే. దానితోని ఏం కాదు."

"గీ మాట ఆడ ఎందుకు చెప్పలే?"

"ఆడ చెప్తె ఎవలు వింటరు? అందరి ముంగట అన్ని చెప్పరాదు. నాకు కొలువున్నది, పసిబిడ్డ ఉన్నది."

"మా అక్కకు లేదా పసిబిడ్డ?"

ఆయన ముందుకు తిరిగిపోయాడు. మళ్ళీ తిరగలేదు. ఆయన మెడ వెనక చెమట చూస్తూ కూర్చున్నాను. ఆ మెడను గోళ్ళతో రక్కాలనిపించింది. కానీ అక్కడ చెప్పనిది ఆయనొక్కడే కాదు కదా. నా పక్కన బాపు కూర్చుని ఉన్నాడు. ఇక దాచలేకపోయాను.

"బాపూ, అక్క అబద్ధం చెప్పింది. చాప గుంజింది నేను. కడుపు మీద పడేటట్టు చేసింది నేను. బస్సు ఆపిచ్చు, వాపసు పోయి చెప్త."

బాపు ఆశ్చర్యపోలేదు. కిటికీ బయటికి చూస్తూనే ఉన్నాడు.

"నాకు తెలుసు బిడ్డా. మీ అవ్వ ఆనాడే చెప్పింది."

"మరి ఆడ ఎందుకు ఊకున్నవ్?"

"అక్కకు ఎట్లనో పెండ్లయింది. నీకు కావాలె. గ్రహణం సూపిచ్చిన పిల్ల అని పేరొస్తె నిన్నెవలు చేసుకుంటరు? నిన్న రాత్రే మీ అక్కకు చెప్పిన, చెల్లె పేరు రానియ్యకు, నేనే సూసిన అని ఒప్పుకో, పిలగాన్ని వద్దంటె మనింట్ల పెంచుకుందం అని."

బాబు ఒళ్ళో కదిలి ఏడుపు మొదలుపెట్టాడు. వాడి తల ఎత్తి పట్టుకున్నాను.

"అక్క ఏమన్నది?"

"ఏమంటది? సరే బాపూ అన్నది. పిలగానికి పాలెట్ల పట్టాలెనో చెల్లెకు నేను నేర్పిస్త అన్నది."